పాతూరు నిండా అదే అవ్వ, అదే మనవడు: పాపులేషన్‌సిమ్ చాలాకాలం వాడాక

అనంతపురం ట్రాఫిక్ మోడల్‌కి కృత్రిమ జనాభా (సర్వేలో దొరికిన కొన్ని శాంపిల్ ఇళ్లనే వార్డు లెక్కలకి సరిపోయేలా మళ్లీమళ్లీ వేసి కట్టే ఊహా జనాభా) తయారుచేయడానికి పాపులేషన్‌సిమ్ అనే సాఫ్ట్‌వేర్‌ని ఎప్పటినుంచో వాడుతున్నాను. అది నడిచే పైథాన్ భాషతో వచ్చే గొడవలు అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. నాకు తెగ నచ్చింది ఒక్కటే: ఇళ్ల లెక్క, మనుషుల లెక్క ఒకేసారి కుదురుస్తుంది. మొత్తాలు కుదిరేదాకా అంకెల్ని మళ్లీమళ్లీ సవరించే 1940 నాటి ఐపీఎఫ్ పద్ధతిలో ఇళ్లు సరిపోతే మనుషుల దగ్గర తేడా వచ్చేది. ఇందులో వార్డులవారీ రిపోర్టు చూసి మురిసిపోయి, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఇదే వాడమని చెప్పాను.

ఆ తర్వాత మోడల్‌లో పొద్దున తొమ్మిదింటికి పాతూరు నుంచి ఆర్ట్స్ కాలేజీ వైపు స్కూటర్లు పోటెత్తాయి. పాతూరు తెలిసినవాళ్లెవరూ నమ్మరు. ఇళ్ల ఫైలు తెరిచి, ఏ ఇల్లు ఏ శాంపిల్ నుంచి వచ్చిందో వరసపెట్టి చూశాను. అరవై దాటిన అవ్వ, డిగ్రీ చదివే మనవడు, ఒక స్కూటర్. కిందికి జరిపేకొద్దీ అదే అవ్వ, అదే మనవడు!

వార్డు స్థాయిలో మనకి 2011 జనాభా లెక్కలే దిక్కు. 2021వి వాయిదా పడ్డాయి కదా. వాటిలో ఏడేళ్లు నిండని పిల్లలు, అక్షరాస్యులు, పనిచేసేవాళ్లు, బండి ఉన్న ఇళ్లు దొరుకుతాయి. కాలేజీకి పోయేవాళ్లెందరో దొరకదు. ఇక శాంపిల్ చూస్తే, జాతీయ నమూనా సర్వేలో మా జిల్లా పట్టణ ఇళ్లు గుప్పెడే. ఇద్దరే ఉండి, బండి కూడా ఉన్న ఇల్లు అందులో అదొక్కటే. ఉన్నదాన్నే అచ్చు గుద్దక ఏం చేస్తుంది పాపం? రిపోర్టులో మాత్రం ఒక్క తప్పూ లేదు. నా ఒళ్లు మండింది అక్కడే.

ఒక శాంపిల్ ఇంటిని ఎన్నింతలు చేయొచ్చో హద్దు పెట్టే సెట్టింగ్ ఉంది. అది బిగిస్తే అవ్వలు తగ్గారు, వార్డు లెక్కలు చెడ్డాయి. చివరికి కర్నూలు, కడప పట్టణ ఇళ్లు కూడా శాంపిల్‌లో కలిపాక కాస్త దారికొచ్చింది. కడపలో ఉన్నవాళ్లు మనవాళ్లలాగే తిరుగుతారా అని మా సార్ అడిగారు. ఏం చెప్పను?

వార్డు మొత్తాలతో సరిపెట్టుకునే నాలుగంచెల మోడల్‌కి (ప్రయాణాలు ఎన్ని, ఎక్కడికి, దేనిమీద, ఏ దారిన అని నాలుగు మెట్లలో లెక్కేసేది) ఇంత తంటా అక్కర్లేదు. ఎవరు ఎప్పుడు ఎక్కడికి పోతారో మనిషి మనిషికీ కావాలంటే పాపులేషన్‌సిమ్ తీసుకోవచ్చు, చేతిలో సొంత ఇంటింటి సర్వే ఉంటే. మాకు దానికి బడ్జెట్ ఇవ్వరు. హైదరాబాద్‌లో పెద్ద ప్రాజెక్టులు చేసేవాళ్ల అనుభవం వేరేగా ఉండొచ్చు. నేనైతే వాడుతూనే ఉన్నాను, కానీ ఏ ఇల్లు ఎన్నిసార్లు వచ్చిందో చూడకుండా ఫైలు ఎవరికీ పంపను.