నెలనెలా అడరాల్ తెచ్చుకోవడం: అమెరికాలో ఏ ఫార్మసీ మేలు?

బీపీ మాత్రలైనా, ఏకాగ్రత కుదరని ఏడీహెచ్‌డీ సమస్యకు వాడే అడరాల్ అయినా అదే యాప్, అదే కౌంటర్, అదే కాగితం సంచీ. దాంతో రెండూ ఒకేలా వచ్చేస్తాయనుకుంటారు. రావు. అడరాల్, వైవాన్స్, కన్సర్టా, రిటాలిన్ అన్నీ షెడ్యూల్ 2 మందులు, అంటే దుర్వినియోగం అయ్యే ప్రమాదం ఎక్కువని చట్టం గట్టిగా కట్టడి చేసినవి. ఫెడరల్ చట్టం ప్రకారం వీటికి రీఫిల్ (పాత ప్రిస్క్రిప్షన్ మీదే మళ్లీ మందు ఇవ్వడం) లేదు, ప్రతిసారీ కొత్త ప్రిస్క్రిప్షన్ ఉండాల్సిందే. అందుకే ఏడీహెచ్‌డీ మందు కోసం ఫార్మసీని ఎంచుకునేటప్పుడు డ్రైవ్-త్రూ, కూపన్లు పక్కన పెట్టి, మందు లేనిరోజున వాళ్లేం చేస్తారో చూడాలి.

ముందు పెద్ద చెయిన్ ఫార్మసీల సంగతి. వీటి యాపే అసలు తలనొప్పి. పాత సీసా మీది నంబరు కొట్టి రీఫిల్ నొక్కితే, "డాక్టర్‌ను సంప్రదిస్తున్నాం" అని మెసేజ్ వస్తుంది. డాక్టర్ ఆఫీసులో ఆ రిక్వెస్ట్ చూసి, పంపేశాం కదా అని వదిలేస్తారు. కొత్త ప్రిస్క్రిప్షనేమో అప్పటికే అదే ఫార్మసీ కంప్యూటర్లో హోల్డ్‌లో కూర్చుని ఉంటుంది. డాక్టర్ ఒకే రోజున మూడు ప్రిస్క్రిప్షన్లు పంపవచ్చు. అన్నీ కలిపి 90 రోజులు దాటకూడదు, ఫలానా తేదీకి ముందు ఇవ్వొద్దని తర్వాతి వాటి మీద రాయాలి. తేదీ వచ్చినా ఆ రెండోదీ మూడోదీ చాలాచోట్ల వాటంతటవి కదలవు. ఫోన్ చేసి, "హోల్డ్‌లో ఉన్నది, ఫలానా తేదీది, ఫిల్ చేయండి" అని చెప్పాలి.

ఆ ఫోన్ మందు అయిపోయే రోజున కాదు, నాలుగైదు రోజుల ముందే చేయాలి. 30 రోజుల మందుకు చాలా ఫార్మసీలు 28వ రోజుకు ముందు ఇవ్వవు, కానీ స్టాక్ ఉందో లేదో చూడటానికి అడ్డేం లేదు. ఈ మందులు ఉన్నాయా అని ఊరికే అడిగితే కొన్ని ఫార్మసీలు ఫోన్లో చెప్పవు. దొంగతనాల భయం వాళ్లది. "నా ప్రిస్క్రిప్షన్ మీ దగ్గరే ఉంది, దానికి సరిపడా ఉందా?" అని పుట్టినతేదీతో సహా అడిగితే ఎక్కువమంది చెబుతారు.

లేదన్నారనుకోండి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022 అక్టోబరులో అడరాల్ మామూలు మాత్రల కొరతను ప్రకటించిన దగ్గర్నుంచి ఈ మాట చాలామందికి అలవాటైపోయింది. ముడిసరుకు ఏటా ఎంత తయారవ్వాలో మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ డీఈఏ కోటా పెడుతుంది. దాని మీద ఒక్కో ఫార్మసీకి ఇంతేనని టోకు డిస్ట్రిబ్యూటర్లు పరిమితి పెడతారు. కౌంటర్లో ఉన్నవాళ్ల మీద అరిచి లాభం లేదు.

ఎలక్ట్రానిక్ ప్రిస్క్రిప్షన్ ఇంకా ఫిల్ కాకపోతే ఒక్కసారి మరో ఫార్మసీకి బదిలీ చేయవచ్చని 2023 ఆగస్టు నుంచి డీఈఏ నిబంధన ఉంది. రాష్ట్ర చట్టం ఒప్పుకోవాలి, ఆ రెండు ఫార్మసీలకూ ఓపిక ఉండాలి. ఆ ఓపిక అరుదు. స్టాక్ ఎక్కడుందో కనుక్కుని డాక్టర్ చేత అక్కడికి కొత్తది పంపించుకోవడమే సులువు. అప్పుడు పాతదాన్ని తప్పకుండా క్యాన్సిల్ చేయించాలి. లేదంటే మొదటి ఫార్మసీకి సరుకు రాగానే ఫిల్ చేసి ఇన్సూరెన్స్‌కు బిల్లు వేస్తుంది. రెండోచోట "టైమ్ కాలేదు" అని తిరస్కరిస్తారు. ఆ క్లెయిమ్ మొదటివాళ్లు వెనక్కి తీసేదాకా మీకు మాత్రలు రావు.

30 మాత్రలకు 18 మాత్రమే ఉన్నాయంటే జాగ్రత్తగా వినండి. సరుకు లేక ఫార్మసీ తక్కువ ఇస్తే మిగతా 12 మాత్రలు 72 గంటల్లోపు ఇవ్వాలి. దాటితే అవి పోయినట్టే, మళ్లీ కొత్త ప్రిస్క్రిప్షన్. మీరో డాక్టరో కోరితే కొంత ఇచ్చి, మిగతాది ప్రిస్క్రిప్షన్ రాసిన తేదీ నుంచి 30 రోజుల్లోపు ఇవ్వడం వేరే పద్ధతి. మీకిచ్చేది ఈ రెండిట్లో ఏ పద్ధతి కింద నమోదవుతోందో డబ్బు కట్టకముందే అడగాలి. 20 మిల్లీగ్రాముల ఎక్స్ఆర్ (మెల్లగా విడుదలయ్యే) క్యాప్సూల్ లేదని రెండు 10లు ఇమ్మంటే కుదరదు, డాక్టర్‌తో మాట్లాడాలి.

సొంత యజమాని నడిపే చిన్న ఫార్మసీలు ఇక్కడే గెలుస్తాయి. ఫోన్ మనిషే ఎత్తుతాడు, ఏ కంపెనీ జనరిక్ కావాలో రాసిపెట్టుకుంటాడు. కన్సర్టా వాడేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. రెండు కంపెనీల జనరిక్‌లు దానికి సమానమన్న గుర్తింపును ఎఫ్‌డీఏ 2014లో తీసేసింది. అసలు మాత్ర మీద "ఆల్జా" అని ఇంగ్లిష్‌లో అచ్చు ఉంటుంది, పెంకు అరగకుండా మలంలో బయటికొస్తుంది. గాబరా పడొద్దు. ఈ చిన్న ఫార్మసీల లోపమల్లా కోటా తక్కువ, ఈ రకం (స్టిమ్యులెంట్) మందులు వాడే కొత్త పేషెంట్లను తీసుకోం అనేవాళ్లూ ఉన్నారు.

ఎక్కడ తీసుకున్నా ఐడీ చూపించి, సీసా కౌంటర్ దగ్గరే తెరిచి లెక్క పెట్టుకోండి. వెనకాల క్యూ ఉన్నా సరే. గుమ్మం దాటాక తక్కువున్నాయంటే తేల్చడం కష్టం, వెనక్కీ తీసుకోరు.

పోస్టులో పంపే ఫార్మసీలు డోసు కుదిరి, నెలల తరబడి మారని వాళ్లకే. డెలివరీకి పెద్దవాళ్ల సంతకం అడుగుతారు కాబట్టి పగలు ఇంట్లో ఎవరూ లేకపోతే పార్సెల్ తిరిగిపోతుంది.

వేసవిలో రెండు నెలలు ఇండియా వెళ్లేవాళ్లు డాక్టర్ తేదీలు రాయకముందే చెప్పాలి. ఒకసారి రాశాక ఫార్మసిస్ట్ ఆ తేదీకి ముందు ఇవ్వలేరు. ఇన్సూరెన్స్‌ను వెకేషన్ ఓవర్‌రైడ్ (ప్రయాణం కోసం ముందుగానే మందు ఇచ్చే మినహాయింపు) అడగాలి. అది దొరికినా, ఒకసారి ఎన్ని రోజుల మందు ఇవ్వొచ్చన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. అడరాల్‌లో ఉండే ఆంఫెటమిన్ ఇండియాలో మాదకద్రవ్యాలను కట్టడి చేసే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వస్తుంది, అక్కడికెళ్లి కొనుక్కోవచ్చులే అనుకోవద్దు. లేబుల్ ఉన్న సీసా, డాక్టర్ ఉత్తరం చేతి సంచీలోనే ఉండాలి.