ఎనిమిదేళ్లుగా ఇంజిన్లు మోస్తున్న నాలుగు కాళ్ల స్టాండు

పల్నాడులో మాకు ట్రాక్టర్ రిపేరు షెడ్డు ఉంది. నాన్న కాలంలో ఇంజిన్ దించాలంటే షెడ్డు ముందున్న వేపచెట్టు కొమ్మే దిక్కు. గొలుసు ఒరుసుకుని పడ్డ గాడి ఆ కొమ్మ మీద ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ తర్వాత కొన్నాళ్లు బోరు మోటార్లు లాగే మూడు కాళ్ల స్టాండు వాడాం. ఒకరోజు నున్నటి గచ్చు మీద దాని కాలొకటి జారింది. ఇంజిన్ కింద ఎవరూ లేరు కాబట్టి బతికిపోయాం. ఆ రాత్రి అన్నం తింటూ నాన్నే అన్నాడు, "ఇంక చాల్రా, గట్టిదొకటి కట్టించు" అని.

అలా 2017 వేసవిలో ఈ స్టాండు కట్టించాను. నాలుగు అంగుళాల పైపు కాళ్లు నాలుగు, ఎత్తు 11 అడుగులు. రెండేసి కాళ్లను పైన అడ్డ బీమ్‌తో కలిపి, ఆ రెంటి మధ్య 12 అడుగుల ఐ బీమ్, అంటే ఇంగ్లిషు I అక్షరంలా ఉండే ఇనుప దూలం, వేశాం. దాని కింది అంచు మీద చక్రాలతో నడిచే ట్రాలీ, ట్రాలీకి గొలుసు లాగి బరువెత్తే రెండు టన్నుల చైన్ పుల్లీ. పైన రేకులు, చుట్టూ గోడల్లేవు. ట్రాక్టర్ ఏ వైపు నుంచైనా లోపలికి వస్తుంది, క్లచ్ ప్లేటు మార్చడానికి బండిని నడుమకి విడదీసినా ముందు సగాన్ని లాగడానికి చోటుంటుంది. పాత ఇనుము విజయవాడ ఆటోనగర్‌లో కిలోల లెక్కన కొన్నాను. పుల్లీతో కలిపి లక్షా ఇరవై వేల దాకా అయింది.

బీమ్ దగ్గర నేను కక్కుర్తి పడబోయాను. షాపులో 150 మిల్లీమీటర్ల ఎత్తుండే బీమ్ చవగ్గా దొరికింది. సివిల్ ఇంజినీరైన మా బావమరిది ఫోన్లోనే లెక్క కట్టాడు: "బావా, నడుమ రెండు టన్నులు వేలాడితే అది 14 మిల్లీమీటర్లు వంగుతుంది. 200 వేస్తే ఐదు కూడా వంగదు. మధ్య దూరం రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లవుతుంది, గుర్తుపెట్టుకో." 200దే వేశాను. మీటరుకు పాతిక కిలోల బరువుంటుంది, ఎక్కించడానికి ఆరుగురం పట్టాం. అప్పటినుంచి ఇప్పటిదాకా బీమ్ గురించి నాకు టెన్షన్ లేదు. తలనొప్పంతా కాళ్ల దగ్గరే వచ్చింది.

మాది నల్లరేగడి. ఎండలకు అరచెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది, వానలకు ఉబ్బుతుంది. గుంతలు నాలుగడుగులు తీసి కాంక్రీటు పోశాం, ఇక చాలనుకున్నాను. రెండో ఏడాది వానలయ్యాక ఓ వింత జరిగింది. ఇంజిన్ వేలాడుతుండగానే ట్రాలీ తనంతట తాను మెల్లగా తూర్పుకి జరుగుతోంది! పనికుర్రాడు గాలికనుకున్నాడు. నీళ్ల ట్యూబుతో లెవెల్ చూస్తే తూర్పు వైపు 12 మిల్లీమీటర్లు దిగింది. తప్పు నాదే. రేకుల మీది నీళ్లన్నీ సరిగ్గా ఆ కాళ్ల మొదట్లోనే పడి, మట్టి మెత్తబడి దిగిపోతోంది. రేకుల అంచున నీళ్లు పట్టే తొట్టి కట్టించాలన్న ఆలోచనే అప్పుడు రాలేదు.

ఇక్కడ నన్ను కాపాడింది బోల్టులు. కాళ్లను నేరుగా కాంక్రీటులో పాతేద్దామని వెల్డర్ అన్నా వినకుండా, అడుగున దళసరి ప్లేటు పెట్టి, నేలకి అరడుగు ఎత్తున దిమ్మె మీద బోల్టులతో బిగించాను. అందుకే బీమ్‌ను జాకీలతో ఎత్తిపట్టి, నట్లు వదులుచేసి, ప్లేటు కింద పల్చటి రేకులు దూర్చి లెవెల్ చేయడం ఒక్కరోజులో అయిపోయింది. పాతిపెట్టి ఉంటే గడ్డపార పట్టాల్సి వచ్చేది. పైగా పాతిన పైపు నేల అంచునే తుప్పు పడుతుంది. ఆ వారమే రేకులకు తొట్టి కట్టి నీళ్లను దూరంగా వదిలాను. మళ్లీ దిగలేదు.

రెండో లోటు ఊగడం. అడ్డ బీమ్‌ల వైపు మూలలకి ఏటవాలు కడ్డీలు వేశాం గానీ, ట్రాలీ నడిచే వైపు వదిలేశాం. ట్రాలీని టక్కున ఆపితే చాలు, "అన్నా, ఊయలెక్కినట్టుంది" అనేవాడు మా కుర్రాడు. అటు కూడా రెండున్నర అడుగుల కడ్డీలు వెల్డింగ్ చేయించాక కుదురుకుంది. అయినా బరువును ఏటవాలుగా లాగకూడదు. హుక్కు కిందికే ట్రాక్టర్‌ని తోసుకురావాలి. బద్ధకించి పక్కనుంచి గొలుసుతో ఈడిస్తే ఆ లాగుడంతా కాళ్ల మీదే పడుతుంది.

ఇంజిన్‌కి చుట్టి హుక్కుకి తగిలించే బెల్టుల సంగతి కొన్నాక తెలిసింది. ఊదా రంగుది ఒక టన్ను మోస్తుంది, ఆకుపచ్చది రెండు, పసుపుది మూడు. రెండు బెల్టులతో కట్టినప్పుడు అవి నిటారుగా ఉంటే చెరి సగం మోస్తాయి. బాగా విచ్చుకుని నేలతో 30 డిగ్రీల కోణానికి వచ్చేస్తే ఒక్కో బెల్టు మీద మొత్తం బరువంత లాగుడు పడుతుంది. పొట్టి బెల్టు పెట్టి ఎత్తు కలిసొచ్చిందని మురిసిపోయేవాణ్ణి, ఇప్పుడు మానేశాను.

చైన్ పుల్లీ ఒకసారి భయపెట్టింది. ఎత్తిన ఇంజిన్ కొద్దికొద్దిగా కిందికి జారుతోంది. విప్పి చూస్తే లోపలి బ్రేకు ప్లేట్ల నిండా నూనె. కుర్రాడు ప్రేమతో గొలుసుకి పెడుతూ దానికీ పోశాడు. ఆ ప్లేట్లు పొడిగా ఉండాలి. తుడిచి బిగించాక సరైపోయింది.

నిజంగా నచ్చనిది ఎత్తు. ట్రాలీకి, పుల్లీకి కలిపి రెండడుగులు, బెల్టుకి రెండు, ఇంజిన్‌కి మూడు, కింద మినీ ట్రక్కు తొట్టి మూడు. ఎంత మిగిలిందో మీరే లెక్కేసుకోండి. ట్రాక్టర్లకి ఫరవాలేదు గానీ, కోత మిషన్ ఇంజిన్ పైనెక్కడో ఉంటుంది కాబట్టి అది వస్తే ఇప్పటికీ క్రేన్ పిలుస్తున్నాను. కాళ్లు రెండడుగులు పెంచుతానంటే బావమరిది నవ్వాడు. "ఎత్తుతో పాటు ఊపూ పెరుగుతుంది బావా, ముందు కడ్డీల సంగతి చూడు" అన్నాడు. పైపు ముక్కలైతే తెచ్చి వేపచెట్టు కింద పెట్టాను.