కెరీర్ కోచింగ్ సర్వీస్: టెస్ట్ కంటే ఆ షీటే నయం

ఆన్‌లైన్ కెరీర్ కోచింగ్ ఒకటి తీసుకున్నాను, పేరెందుకులెండి. మొదట పెట్టే టెస్ట్ 1959లో అమెరికన్ సైకాలజిస్ట్ జాన్ హాలండ్ ప్రతిపాదించిన, ఆసక్తుల్ని బట్టి మనుషుల్ని ఆరు రకాలుగా విడదీసే వర్గీకరణే, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, దానికే రంగుల రిపోర్ట్ ఇచ్చి గొప్పగా చూపిస్తారు. అసలు పనికొచ్చింది వాళ్లిచ్చిన ఎక్సెల్ షీట్. ప్రతి మూడు నెలలకో వరస: ఏ పని పూర్తిచేశాం, దానివల్ల ఎంత సమయమో ఖర్చో తగ్గింది, కొత్తగా ఏం నేర్చుకున్నాం, ఆ పని చూసిన సీనియర్ ఎవరు. అప్రైజల్ ముందు పాత మెయిళ్లు తవ్వుకునే టెన్షన్ పోయింది, రెజ్యూమే కూడా సగం అందులోంచే వచ్చేస్తోంది. కోచ్ మాత్రం మేనేజర్ దారా, టెక్నికల్ దారా అని సూటిగా అడిగితే నీళ్లు నమిలాడు. అర్జెంటుగా ఉద్యోగం మారాలనుకునేవాళ్లకి దండగ. మిగతావాళ్లకి ఒక్క నెల చాలు, ఆటో రెన్యువల్ ముందే ఆపేయండి.