డబుల్ వైజర్ హెల్మెట్: సిగ్నల్ దగ్గర ఎంతవరకు పనికొస్తుంది?

బయట తెల్ల వైజరు (ముఖం ముందుండే పారదర్శక అద్దం), లోపల మీటతో దిగే నల్ల వైజరు ఉన్న ఫుల్‌ఫేస్ హెల్మెట్ మామూలుదానికన్నా ధర ఎక్కువే. కోనసీమలో రోజూ బండి నడిపేవాళ్లకి మాత్రం ఆ డబ్బు దండగ కాదు.

సాయంత్రం దిండి నుంచి చించినాడ వంతెన మీదుగా వెళ్తే ఎండ సూటిగా కళ్లలో కొడుతుంది. ఇలా పడమరకు వెళ్లేటప్పుడు లోపలి వైజరు దించితే ముందున్న సిగ్నల్లో ఏ లైటు పడిందో తెలుస్తుంది. అదే ఎండ వీపు మీద పడుతుంటే ఏ వైజరూ ఆదుకోదు. సిగ్నల్ అద్దాల మీద వెలుతురు పడి మూడు లైట్లూ వెలుగుతున్నట్టే ఉంటాయి. పైన ఎరుపు, మధ్యలో పసుపు, కింద ఆకుపచ్చ అని వరస చూసుకోండి. అప్పటికీ తేలకపోతే ఎరుపే అనుకుని స్టాప్ లైనుకి ఇవతలే ఆగండి.

బయటి వైజరే నల్లగా ఉన్న హెల్మెట్ మాత్రం వద్దే వద్దు. చీకటి పడ్డాక దాంట్లోంచి సిగ్నల్ లైటు కనబడుతుంది గానీ, జీబ్రా గీతల మీద నడుస్తున్న మనిషి కనబడడు. రాత్రి పసుపు లైటు ఆరుతూ వెలుగుతుంటే వేగం తగ్గించి చూసుకుంటూ వెళ్లాలి, ఎరుపు అలా వెలుగుతుంటే పూర్తిగా ఆగి, దారి ఖాళీగా ఉంటేనే కదలాలి. ఆ చూసుకోవడమే నల్ల వైజరుతో కుదరదు. పోనీ ఎత్తేద్దామంటే వరిచేల పక్కన పచ్చదోమ కళ్లలో పడుతుంది. డబుల్ వైజరులో నల్లది పైకి తోసేసి, తెల్లది మూసుకునే వెళ్లొచ్చు.

మీట ఎడమవైపు ఉన్నదే తీసుకోండి, కుడి చెయ్యి ఎక్సలేటర్నీ ముందు బ్రేకునీ వదలకూడదు. జంక్షన్ ఇంకా దూరంగా ఉండగానే వైజరు మార్చేయాలి, గేరు తగ్గించేటప్పుడు క్లచ్ వదిలి మీట వెతుక్కోకూడదు. కళ్లజోడు ఉన్నవాళ్లు షాపులోనే పెట్టుకుని చూడాలి. కొన్ని మోడళ్లలో లోపలి వైజరు కళ్లజోడుకి రాసుకుని గీతలు పడుతుంది.

దీని అసలు లోపం ఆవిరి. వానలో రెడ్ సిగ్నల్ దగ్గర ఆగితే ఊపిరికి రెండు వైజర్లూ మసకబారతాయి. గడ్డం దగ్గరి గాలి రంధ్రం తెరిచి, తెల్ల వైజరు వేలెడు ఎత్తి ఉంచితే తగ్గుతుంది.

ఐఎస్ఐ గుర్తుతో పాటు ఐఎస్ 4151 (టూవీలర్ హెల్మెట్ల ప్రమాణం నంబరు) అని ఉందో లేదో చూడండి. వైజరు మురికైతే గోరువెచ్చని నీళ్లు, కాస్త షాంపూ, మెత్తటి గుడ్డ చాలు. పెట్రోలు, థిన్నరు తగిలితే పగుళ్లు వస్తాయి. విడి వైజరు దొరకని మోడల్ ఎంత చవగ్గా ఇచ్చినా వదిలేయండి.