997 పోర్షే 911 పాతబండి: డబ్బు ఎక్కడ పోతుంది, ఎక్కడ నిలుస్తుంది

పాత స్పోర్ట్స్ కారు కొనేవాళ్లు ముందు మైలేజీ చూస్తారు, ఆ తర్వాత రంగు, సీట్లు చూస్తారు. రీసేల్ ధరను నిజంగా కిందికి లాగేది మాత్రం భయం. ఇంజిన్ పోతే ఎంతవుతుందో తెలియనంతకాలం కొనేవాడు ఆ భయాన్ని ధరలోంచే కోసుకుంటాడు. 2005 నుంచి 2012 మోడల్ వరకు వచ్చిన 997 తరం 911ని ఈ కోణంలో చూస్తే చాలా తెలుస్తుంది. దీని జబ్బులన్నిటికీ పేర్లున్నాయి, పరీక్షలున్నాయి, ఖర్చులకు ఒక అంచనా ఉంది. లెక్క వేసుకుని కొనగలిగిన ఖరీదైన కార్లు తక్కువ. ఇది వాటిలో ఒకటి. ఇక్కడి ధరలూ లెక్కలూ అమెరికా మార్కెట్‌వి. మనవాళ్లలో ఈ బండి వెతికేవాళ్లు ఎక్కువగా ఉన్నదీ అక్కడే.

2005లో అమెరికాలో కరేరా స్టిక్కర్ ధర 69,300 డాలర్లు, కరేరా ఎస్ ధర 79,100. మొదటి విడత, అంటే 997.1లో, కరేరాకు 3.6 లీటర్ల ఇంజిన్ (325 హార్స్‌పవర్), ఎస్‌కు 3.8 లీటర్లది (355). 2009 మోడల్‌తో 997.2 వచ్చింది. హార్స్‌పవర్ 345కీ 385కీ పెరిగింది. పాత ఆటోమేటిక్ టిప్‌ట్రానిక్ పోయి రెండు క్లచ్‌ల పీడీకే వచ్చింది. బయటి నుంచి చూస్తే లైట్లు, బంపర్లు తప్ప పెద్ద తేడా కనిపించదు. ధరల్లో మాత్రం ఒక తరం తేడా ఉంటుంది. మంచి మాన్యువల్ 997.2 ఎస్‌కు ఇప్పటికీ 60 వేల డాలర్లకు పైనే అడుగుతారు. 997.1 చాలా తక్కువకే దొరుకుతుంది. ఆ తేడాలో పెద్ద వాటా ఇంజిన్ బ్లాకుదే.

997.1లోని ఎం96, ఎం97 ఇంజిన్లలో సిలిండర్ గోడ అల్యూమినియంలో సిలికాన్ కలిపి పోసింది. అందులో తిరిగే పిస్టన్ కూడా అల్యూమినియమే, దాని చుట్టూ పలుచని పూత ఉంటుంది. ఆ పూత అరిగిందంటే రెండు అల్యూమినియాలు నేరుగా రాసుకుంటాయి, గోడ మీద నిలువు గీతలు పడతాయి. దీన్నే బోర్ స్కోరింగ్ అంటారు. ఎక్కువగా కుడివైపు బ్యాంకులో (అటువైపున్న మూడు సిలిండర్ల వరుస), అందులోనూ ఆరో సిలిండర్‌లో మొదలవుతుంది. 3.8లో ఎక్కువ, 3.6లో కొంత తక్కువ. చలి ఎక్కువుండే రాష్ట్రాల్లో తిరిగిన బండ్లు, ఇంజిన్ వేడెక్కేలోపే ఆగిపోయే చిన్న ట్రిప్పులకు వాడిన బండ్లు ముందు దెబ్బతింటాయి. అందుకే మైలేజీ తక్కువ కదా అని ఎక్కువ ధర పెట్టడం ఈ బండి విషయంలో తప్పు లెక్క. వారానికోసారి షెడ్డులోంచి తీసి పాలప్యాకెట్‌కు వెళ్లొచ్చిన 30 వేల మైళ్ల బండి కంటే, హైవే మీద 90 వేలు తిరిగి ఆయిల్ సకాలంలో మార్చుకున్న బండి మేలు.

లక్షణాలు ముందే కనిపిస్తాయి. ఇంజిన్ వేడెక్కాక టకటకమని చప్పుడు వస్తుంది, వాల్వ్ లిఫ్టర్ శబ్దంలాగే ఉంటుంది కాబట్టి చాలామంది అదేనని వదిలేస్తారు. ఆయిల్ వాడకం పెరుగుతుంది. సైలెన్సర్ పైపుల్లో ఒకవైపు మాత్రమే నల్లగా జిడ్డు మసి పడుతుంది. చూడటానికి వెళ్లినప్పుడు రెండు వైపులా తెల్ల గుడ్డతో తుడిచి పోల్చండి. పైపులు అప్పుడే మెరిసేలా కడిగి ఉంచితే అనుమానం తగ్గకూడదు, పెరగాలి.

ఖాయం చేసేది బోరోస్కోప్ (ఇంజిన్ లోపలికి పెట్టే సన్నని కెమెరా) ఒక్కటే. అది కూడా ఎలా పెట్టారన్నది ముఖ్యం. ప్లగ్ రంధ్రంలోంచి కెమెరా పెడితే గోడ పైభాగమే బాగా కనిపిస్తుంది, గీతలేమో తరచు కింది భాగంలో ఉంటాయి. ఆయిల్ దించి, కింద సంప్ ప్లేటు (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చోటి మూత) విప్పి, ఒక్కో పిస్టన్‌ను పైకి తెచ్చి కింది నుంచి చూడాలి. ఆరు సిలిండర్లకూ ఫోటోలు అడిగి తీసుకోండి. దీనికి అదనపు కూలీ, కొత్త సీలెంట్, కొత్త ఆయిల్ అవుతాయి. ఒప్పుకోని అమ్మకందారు దగ్గర బేరం అక్కడితో ఆపేయడమే మంచిది, ఎందుకంటే స్కోరింగ్ వచ్చిన ఇంజిన్‌కు కొత్త స్లీవులు (సిలిండర్ లోపలి తొడుగులు) వేసి సరిగా కట్టించాలంటే 20 వేల డాలర్లు దాటుతుంది. సంప్ విప్పినప్పుడు ఇంకో లాభం కూడా ఉంది. అడుగున చేరిన మురికిలో ప్లాస్టిక్ ముక్కలుంటే చైన్ గైడ్లు అరుగుతున్నట్టు. అయస్కాంతానికి అంటుకునే మెరుపులుంటే ఏదో బేరింగ్ పోతున్నట్టు.

బేరింగ్ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఐఎంఎస్. క్రాంక్ నుంచి క్యామ్‌లకు చైన్ నడిపే మధ్య షాఫ్ట్ చివర ఉండే బేరింగ్ అది. పగిలితే టైమింగ్ తప్పి ఇంజిన్ మొత్తం పోతుంది. భయం ఎక్కువగా అంటుకున్నది దీనికి ముందున్న 996 తరానికి. 2005 నాటి తొలి 997లు కొన్నిటిలో కూడా ఆ చిన్న బేరింగే ఉంది. దాన్ని గేర్‌బాక్స్, క్లచ్, ఫ్లైవీల్ తీసి మార్చవచ్చు. ఆ తర్వాత వచ్చిన 997.1లలో బేరింగ్ పెద్దది. ఇంజిన్ రెండుగా విప్పకుండా అది బయటకు రాదు, కానీ చాలా అరుదుగా పోతుంది. క్లచ్ మార్చేటప్పుడు దాని మీది సీలు తీసేస్తే ఇంజిన్ ఆయిల్ నేరుగా తగులుతుంది, అది చాలు. బోర్ స్కోరింగ్ కంటే ఐఎంఎస్ పేరు ఎక్కువ వినిపించినా, 997.1 కొనేవాళ్లు నిద్ర పోగొట్టుకోవాల్సింది మొదటిదాని గురించే.

997.2లో ఈ రెండు సమస్యలూ తగ్గాయి. దాని 9ఏ1 ఇంజిన్‌లో ఆ మధ్య షాఫ్టే లేదు, సిలిండర్ బ్లాకు కూడా వేరు. అలాగని మచ్చలేనిదేం కాదు. తొలి బండ్లలో హై ప్రెషర్ ఫ్యూయెల్ పంపు పోయేది. స్టార్ట్ కావడానికి ఎక్కువసేపు తిప్పాల్సి వస్తే ముందు అనుమానించాల్సింది దాన్నే. పీడీకేలో లోపలి సెన్సర్ పాడైతే ఒకప్పుడు గేర్‌బాక్స్ మొత్తం మార్చమనేవారు. ఇప్పుడు సెన్సర్ వరకే మార్చే బయటి వర్క్‌షాపులున్నాయి. కొనేముందు మీ ఊరికి దగ్గర్లో అలాంటిది ఒకటుందో లేదో కనుక్కోండి.

రెండు విడతలకూ ఉమ్మడి ఖర్చులు ముందు బంపర్‌లో దాక్కుని ఉంటాయి. గాలి వెళ్లే రెండు నోళ్లలో ఎండుటాకులు చేరి, తడిసి, రేడియేటర్లనూ ఏసీ కండెన్సర్లనూ తినేస్తాయి. టార్చి వేసి లోపలికి చూడండి, ఆకులు కుళ్లి అడుగున పేరుకుని ఉంటే అటువైపు కండెన్సర్ ఖర్చు బేరంలో కలుపుకోండి. స్టార్ట్ చేయగానే తెల్లపొగ గుప్పున వచ్చి, ఆగకుండా వస్తూనే ఉంటే ఎయిర్ ఆయిల్ సెపరేటర్ (ఇంజిన్ ఆవిరిలోంచి ఆయిల్‌ను వేరుచేసే భాగం) పోయినట్టు. ఫ్లాట్ ఇంజిన్ (సిలిండర్లు పడుకుని ఉండేది) కాబట్టి ఒక్క క్షణం పొగ రావడం మామూలే.

కంప్యూటర్‌లోంచి ఓవర్‌రెవ్ రిపోర్టు (ఇంజిన్ హద్దుదాటి తిరిగిన లెక్క) కూడా తీయించాలి. 997 ఇంజిన్ కంప్యూటర్ హద్దుదాటిన ఆర్‌పీఎంలను ఆరు రేంజ్‌లుగా రాసుకుంటుంది. మొదటి మూడూ అంత పట్టించుకోనక్కర్లేదు. నాలుగు నుంచి పైవి తప్పు గేరు వేస్తేనే నమోదవుతాయి. అక్కడ అంకె ఉంటే, అది ఎన్నో గంట దగ్గర పడిందో, బండి ఇప్పుడు ఎన్నో గంటలో ఉందో చూడండి. వంద గంటల కిందట జరిగి ఆ తర్వాత బాగానే నడిచిందంటే వదిలేయవచ్చు. అదే రిపోర్టులోని మొత్తం గంటలతో మైళ్లను భాగిస్తే సగటు వేగం వస్తుంది. అది మరీ తక్కువగా వస్తే ఒక్కోసారి ఓడోమీటర్ వెనక్కి తిప్పిన బండి బయటపడుతుంది.

తిరిగి అమ్మేటప్పుడు ఏది నిలబడుతుందంటే: మాన్యువల్ కూపే ముందు, కన్వర్టిబుల్ వెనక, టిప్‌ట్రానిక్ ఇంకా వెనక. స్పోర్ట్ సీట్లు, స్పోర్ట్ క్రోనో లాంటివి బండి త్వరగా అమ్ముడుపోవడానికి పనికొస్తాయి, పెట్టిన డబ్బు మాత్రం వెనక్కి రాదు. సిరామిక్ బ్రేకులు (పసుపు క్యాలిపర్లు) రెండంచుల కత్తి. డిస్కులు అరిగిన దశలో ఉంటే నాలుగూ మార్చడానికయ్యే ఖర్చు బేరాన్నే మింగేస్తుంది. 911లోనే పై మోడళ్లయిన జీటీ3, టర్బోల కథ వేరు. 997.1లో వాటిది పాత రేసింగ్ ఇంజిన్ వంశం కాబట్టి స్కోరింగ్, ఐఎంఎస్ గొడవ లేదు, ధరలు కూడా గట్టిగా ఉన్నాయి. వాటిలో చూడాల్సింది కూలెంట్ పైపులు. జిగురుతో అతికించినవి కాబట్టి ఊడొస్తాయి. వెల్డింగ్ చేయించారా, పిన్ను కొట్టించారా అన్న రసీదు అడగండి, ఆ పనికి ఇంజిన్ దించాలి.

ఇప్పుడు ఒక ఊహా లెక్క. టెక్సస్‌లో 997.1ని 45,000 డాలర్లకు కొన్నారనుకుందాం. 6.25 శాతం అమ్మకపు పన్ను 2,812. తనిఖీ 600, క్లచ్, సీళ్ల పని 4,000, టైర్లు 1,500, ముందు రేడియేటర్లు, కండెన్సర్లు 2,000, మూడేళ్ల సర్వీసు 3,000. మొత్తం 58,912. మూడేళ్ల తర్వాత 42,000కు అమ్మితే పోయింది 16,912, ఏడాదికి సుమారు 5,637, ఇన్సూరెన్స్, పెట్రోలు కాకుండా. ఇందులో బండి ధర తగ్గినందువల్ల పోయింది 3,000 మాత్రమే, దాదాపు పన్నుకు సమానం. ధర అడుగుకు చేరిన బండిలో తరుగుదల చిన్న పద్దు, మరమ్మతే పెద్ద పద్దు.

మెక్‌లారెన్ 12సీ పక్కన పెడితే తేడా అర్థమవుతుంది. 2011లో దాదాపు 2 లక్షల 30 వేల డాలర్లకు వచ్చిన ఆ కారు ఇప్పుడు లక్ష అటూ ఇటూగా దొరుకుతోంది. వేగంలో 997కు అందనంత ఎత్తున ఉంటుంది. కానీ 2014లో 650ఎస్, 2017లో 720ఎస్ వచ్చి దాన్ని పాతది చేశాయి. హైడ్రాలిక్ సస్పెన్షన్‌లోని అక్యుమ్యులేటర్లు పోతాయి, పని తెలిసిన మెకానిక్కులు తక్కువ. అక్కడ భయానికి పై హద్దు లేదు, అందుకే ధరకు అడుగు దొరకలేదు.

ఇంటికి తెచ్చుకుందాం అనుకునేవాళ్లకు ఒక్క మాట. మూడేళ్లు దాటిన పాతబండిని భారత్‌కు దిగుమతి చేయనివ్వరు, స్టీరింగ్ కుడివైపే ఉండాలి. అమెరికా 997 హైదరాబాద్ చేరే దారి లేదు, అక్కడే అమ్ముకోవాలి.

అమ్మేది వసంతంలో పెట్టుకోండి, ముఖ్యంగా మంచు పడే రాష్ట్రాల్లో. మార్చిన సైలెన్సర్, చక్రాలు ఉంటే అసలువి తిరిగి బిగించి, మార్చినవి విడిగా అమ్మండి. రెండు తాళాలు, ముందు హుడ్ కింది ఆప్షన్ స్టిక్కర్ ఫోటో, తేదీల వరుసలో రసీదులు, కొత్తగా తీయించిన ఓవర్‌రెవ్ రిపోర్టు ఒక ఫైల్లో పెట్టండి. ఆరు సిలిండర్ల బోరోస్కోప్ ఫోటోలు మాత్రం ప్రకటనలోనే పెట్టాలి, ఒక్కో ఫోటో కింద సిలిండర్ నంబరు, ఆ రోజు ఓడోమీటర్ రీడింగ్ రాసి. కొనేవాడు తగ్గించమని అడిగే వేలల్లో ఎక్కువ భాగం ఆ ఆరు ఫోటోల గురించే.