పస్కా సెదెరా, ప్రభురాత్రి భోజనమా?

యేసును మెస్సీయగా నమ్మే యూదుల్లో (మెస్సియానిక్ విశ్వాసుల్లో) చాలామంది రెండూ పాటిస్తారు. ప్రభురాత్రి భోజనం క్లుప్తం: రొట్టె, పాత్ర, ప్రభువు మరణాన్ని జ్ఞాపకం చేసుకోవడం. సెదెర్ అంటే ఐగుప్తు బానిసత్వం నుంచి విడుదలను గుర్తుచేసుకునే పస్కా పండుగ భోజనం; దానికి మాత్రం ఓ సాయంత్రమంతా పడుతుంది. నాలుగు పాత్రలు, కళ్లలో నీళ్లు తెప్పించే చేదు కూర, పిల్లల ప్రశ్నలు. మూడు పులియని రొట్టెల్లో మధ్యదాన్ని విరిచి, ఒక ముక్కను గుడ్డలో చుట్టి దాచిపెడతారు. భోజనమయ్యాక పిల్లలు వెతికి తెస్తారు. మెస్సియానిక్ విశ్వాసులకు అందులో యేసు మరణం, సమాధి, పునరుత్థానం కనిపిస్తాయి. (మిగతా యూదులు అలా చూడరు, ఆ మాట మరవకూడదు.)

బానిసత్వం ఎంత చేదో పిల్లలకు చెప్పాలంటే నా ఓటు సెదెర్‌కే. పస్కా బలి గొర్రెపిల్ల రక్తం దగ్గరికొస్తే మాత్రం ప్రభురాత్రి భోజనమే సూటిగా మాట్లాడుతుంది, విశ్వాసులు యేసునే ఆ గొర్రెపిల్లగా చూస్తారు కాబట్టి. క్రీ.శ. 70లో యెరూషలేము ఆలయం కూలాక పస్కా బలి ఆగిపోయింది. సెదెర్ పళ్లెంలో దానికి గుర్తుగా సాధారణంగా ఒక కాల్చిన ఎముకే పెడతారు.