రైస్ మిల్లు ఫిట్టరు పానాల పెట్టె: పదకొండేళ్ల వాడకం తర్వాత

మిర్యాలగూడలో రైస్ మిల్లు ఫిట్టరుగా చేస్తున్నాను. అంతకుముందు మూడేళ్లు నల్లగొండలో ట్రాక్టర్ల షెడ్డులో పని. ఈ మధ్య మా హెల్పరు సొంతంగా షెడ్డు పెట్టుకుంటూ "అన్నా, పానాలు, సాకెట్లు ఏ కంపెనీవి కొనాలె?" అని అడిగాడు. ఒక పేరు చెప్పి పంపిద్దామని నా పెట్టె మూత తీస్తే నాకే నవ్వొచ్చింది. అందులో ఏ కంపెనీ సెట్టూ పూర్తిగా లేదు. పోయినదాని చోట ఇంకోటి, విరిగినదాని చోట మరోటి. ఏది ఎందుకు మిగిలిందో, ఏది ఎందుకు పాత ఇనుము కిందికి పోయిందో వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

రోజూ చేతిలో ఉండేవి తపారియా రింగు పానాలు. 6-7 నుంచి 30-32 దాకా 12 ముక్కల సెట్టు, ఒక్కో పానాకు రెండు కొసల మిల్లీమీటర్ల కొలతలు ఇవి. ఈ పానాలు నాసిక్‌లో చేస్తారు. స్వీడన్ కంపెనీ సాంకేతిక సాయంతో మొదలైన సంస్థ. నేను మిల్లులో చేరిన ఏడాదే కొన్నా. ఇప్పుడు పది మిగిలాయి. 12-13ని ఎవరో అడిగి తీసుకుపోయి తేలేదు, 10-11 ఊక గుట్టలో పడి బాయిలర్ బూడిదలో తేలింది. కాలిన పానా మెత్తబడుతుంది, ఇక అది పనికిరాదు, పక్కన పడేశా.

మిగిలినవాటిలో 16-17ని చూస్తే చాలు వాడకం తెలుస్తుంది. 17 వైపు పైపూత పూర్తిగా అరిగి తెల్లటి ఇనుము కనిపిస్తుంది, 16 వైపు ఇంకా కొత్తదానిలా మెరుస్తుంది. మిల్లులో ఎక్కువగా ఉండేది పది మిల్లీమీటర్ల బోల్టు, దాని తలకు 17 పడుతుంది. ఈ మధ్య వచ్చే కొత్త మిషన్లలో అదే బోల్టుకు 16 తల వస్తోంది, కాబట్టి ఆ వైపుకూ పని మొదలైంది. ఇన్నేళ్లు తిప్పినా లోపలి మూలలు అరగలేదు, నట్టు మీద పెడితే ఇప్పటికీ ఊగదు. నాకు కావాల్సింది అదే, మెరుపు కాదు.

నోరు తెరిచి ఉండే డి పానాల విషయంలో నేను అంత పట్టింపుగా ఉండను. నట్టు బిగువు విప్పేది రింగుతో, ఆ తర్వాత గబగబా తిప్పి తీసేది డి పానాతో. బిగువు మీద డి పానా వేసి పైపు తొడిగితే ఏ కంపెనీదైనా నోరు విచ్చుకుంటుంది. మా నాన్న లారీల షెడ్డులో వాడిన పాత ఝలానీ 18-19 ఒకటి ఉంది. దాన్ని పని కోసం కాదు, చేతికి అలవాటై ఉంచుకున్నా. ఆయన కూర్చున్నచోట కూర్చునే, చూడకుండా చేయి వెనక్కి చాపి అదే పానా తీసేవాడు.

ఇక సాకెట్లు, అంటే నట్టు తల మీద తొడిగి రాడ్డుతో తిప్పే గిన్నెల్లాంటివి. హిందీ మాట్లాడే మెకానిక్‌లు గోటీలు అనేవి ఇవే. నేను డబ్బు పోగొట్టుకుందీ, చేయి గీరుకుందీ వీటి దగ్గరే.

మొదట కొన్నది ఒక పెద్ద ప్లాస్టిక్ పెట్టె. అర అంగుళం డ్రైవ్ (రాడ్డు దూరే చదరపు రంధ్రం కొలత), లోపల ఎర్ర గుడ్డ మీద అద్దంలా మెరిసే సాకెట్లు. పేరు రాయను. ఆ పేరు మీద ఇప్పుడు ఇంకెవరు ఏం అమ్ముతున్నారో నాకు తెలియదు. ఒక వానాకాలం సీజన్‌లో రాత్రి పదకొండింటికి షెల్లర్ (వడ్ల పొట్టు తీసే మిషను) ఆపి రబ్బరు రోలు మారుస్తున్నా. గేటు బయట వడ్ల లారీలు వరసగా ఉన్నాయి, పైన మబ్బు. సేటు రెండుసార్లు వచ్చి "ఇంకెంతసేపు పడుతది?" అని అడిగిపోయాడు. రోలు బోల్టు గట్టిగా పట్టేసింది. 19 సాకెట్టు పెట్టి రాడ్డు మీద బలం వేశా. టప్పున శబ్దం వచ్చి చేయి పోయి ఫ్రేముకు తగిలింది. మూడు వేళ్ల కణుపులు గీరుకుపోయాయి. బోల్టు విప్పుకుందేమో అనుకున్నా, కాదు, సాకెట్టే నిలువునా చీలింది. అది జారినప్పుడు బోల్టు తల మూలలు కూడా గుండ్రబడ్డాయి. ఉలి పెట్టి కొట్టి విప్పేసరికి ఒంటిగంట దాటింది.

పొద్దున ఆ ముక్కను వెలుతురులో పెట్టి చూశా. గోడ ఒకవైపు మందంగా, ఇంకోవైపు పలచగా ఉంది. లోపలి రంధ్రం నడిమధ్య లేదు. పలచటి వైపే చీలింది. పెట్టెలో మిగతావి తీసి చూస్తే ఇంకో మూడు అలాగే ఉన్నాయి. కొనేరోజు కూడా అలాగే ఉండి ఉంటాయి, నేను చూసింది ఎర్ర గుడ్డను.

అప్పటినుంచి సాకెట్లు పెట్టెగా కొనడం మానేసి విడిగా కొంటున్నా. మిల్లు పనికి నిజంగా కావాల్సినవి 13, 17, 19, 24, 30. ఇవి వరసగా 8, 10, 12, 16, 20 మిల్లీమీటర్ల బోల్టుల తలలు. కొత్త రకానికి 16, 18 కలిపితే ఏడు. బైకుల పని కూడా చేసేవాళ్లకు 12, 14 తప్పదు, జపాన్ లెక్క బళ్లలో తలలు చిన్నవి. నేను 24, 30 మాత్రం సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లి తైవాన్ కింగ్ టోనీవి తెచ్చా. ధర విని మొదట వెనక్కి పెట్టేశా, టీ తాగి మళ్లీ వెళ్లి కొన్నా. ఆరేళ్లుగా పెద్ద పుల్లీల మీద అవే వాడుతున్నా, గీతలు తప్ప ఏమీ లేదు. చిన్నవి తపారియావే. జర్మనీ గెడోర్ ఒకరి దగ్గర చేతిలో పట్టి చూశా. 1919 నాటి కంపెనీ. మంచి సామానే, కానీ నా కూలికి ఆ ధర బరువు.

కొనేటప్పుడు ఆరు మూలలదా, పన్నెండు మూలలదా అని అడగండి. ఎక్కువ షాపుల్లో అడగకపోతే పన్నెండు మూలలదే ఇస్తారు. ఇరుకులో నట్టు మీద తొందరగా కూర్చుంటుంది, కొత్త నట్లకు బాగానే ఉంటుంది. వడ్లు పైకెత్తే ఎలివేటరు కింద తవుడు, తేమ పట్టి తుప్పెక్కిన నట్టు మీద మాత్రం మూల దగ్గర పట్టి అరిగిస్తుంది. అక్కడ ఆరు మూలలదే, నట్టు పక్కల మీద పడుతుంది. ఇంకోటి, నట్లు విప్పే గాలి గన్నుకో కరెంటు గన్నుకో మెరిసే క్రోమ్ సాకెట్టు పెట్టవద్దు. దానికి నల్లటి ఇంపాక్ట్ సాకెట్లు వేరే ఉంటాయి, క్రోమ్ మాలిబ్డినంతో చేస్తారు, గోడ మందంగా ఉంటుంది. మెరిసేవి క్రోమ్ వెనేడియం, గట్టివే, గన్ను దెబ్బలకు పగిలి ముక్క కంటికి రావచ్చు.

రాట్చెట్, అంటే సాకెట్టును నట్టు మీంచి తీయకుండానే ముందుకూ వెనక్కూ ఆడిస్తూ ఒకే వైపు తిప్పే పిడి, స్టాన్లీది, ఏడేళ్లయింది. దీని మీద చెప్పాల్సింది కంపెనీ కంటే వాడకం గురించే. 24 పళ్లదైతే ఒక్కో టిక్కుకు 15 డిగ్రీలు తిప్పాలి, 72 పళ్లదైతే 5 డిగ్రీలు చాలు. షెల్లర్ వెనక చేయి ఆడని చోట ఆ తేడాకు విలువ తెలుస్తుంది. కానీ పళ్లు ఎక్కువైతే ఒక్కోటి చిన్నది, కాబట్టి పట్టేసిన నట్టును రాట్చెట్‌తో విప్పకూడదు. ముందు పొడుగు రాడ్డుతో బిగువు తీసి, తర్వాత రాట్చెట్ పెట్టాలి. మిల్లులో ఇంకో బాధ ఉంది. లోపలి గ్రీజు తవుడును పట్టుకుని పిండి ముద్దలా అవుతుంది, టిక్కుమనడం ఆగుతుంది. నెలకోసారి వెనక పళ్లెం విప్పి కిరోసిన్‌లో కడిగి, గ్రీజు బదులు రెండు చుక్కల పలచటి నూనె వేస్తా.

ట్రాక్టర్లవాళ్లకు ఒక మాట. పాత మాస్సీ ట్రాక్టర్ల మీద అంగుళాల కొలతలు ఉంటాయి. 3/4 అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు, అందుకే 19 బలవంతంగా ఎక్కినట్టు ఎక్కుతుంది. 9/16 అంటే 14.29. 14 ఎక్కదు, 15 పెడితే ఊగి మూలలు తినేస్తుంది. అక్కడ ఏ కంపెనీ మంచి పానా తెచ్చినా లాభం లేదు, అంగుళాల సెట్టే కావాలి. షెడ్డులో నేను పాడుచేసిన నట్లలో సగం ఈ 15 పెట్టినవే.

షాపులో చూసే పద్ధతి కూడా మా హెల్పరుకు చెప్పా. జేబులో కొత్త 10, 12, 16 మిల్లీమీటర్ల బోల్టులు వేసుకుపో. సాకెట్టు తల మీద పెట్టి రెండు వేళ్లతో ఊపు. సన్నగా కదలాలి, కొట్టుకోకూడదు. తర్వాత అంచు వైపు నుంచి చూసి గోడ చుట్టూ ఒకే మందం ఉందో లేదో చూడు. పైపూత మీద బుడగలుంటే వెనక్కి ఇచ్చేయ్, తర్వాత పెచ్చులు లేచి చేయి కోస్తుంది. షాపతను విసుక్కుంటే ఆ షాపు వదిలేయ్.

నా బోల్టులు మూడూ తీసుకునే వెళ్లాడు. నిన్న ఫోన్ చేసి నాలుగు సాకెట్లు, ఒక రింగు సెట్టు కొన్నానని, 30 మాత్రం ఊగుతోందని వెనక్కి ఇచ్చేశానని చెప్పాడు. బోల్టులు ఇంకా తిరిగివ్వలేదు.